కోటి రూపాయల జవాబు వెనుక మన చరిత్ర

2021 నవంబర్‌లో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ చూస్తున్న తెలుగు ఇళ్లలో ఒక రాత్రి టెన్షన్ అంతా ఇంతా కాదు. జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ ఎదుట హాట్ సీట్‌లో కూర్చున్నది తెలంగాణ పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్. ఆఖరి ప్రశ్న తెర మీదికి వచ్చింది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టానికి దారితీసిన కమిషన్‌కు అధ్యక్షత వహించింది ఎవరు? ఆప్షన్లు నాలుగు: రంగనాథ్ మిశ్రా, రంజిత్ సింగ్ సర్కారియా, బీపీ మండల్, ఫజల్ అలీ. ఆయన ఫజల్ అలీ అన్నారు. ఆ కార్యక్రమంలో తొలిసారి కోటి రూపాయలు గెలిచారు.

ఆయన విజయం అందరూ సంతోషించదగ్గది. ఖాకీ ఉద్యోగంలో తీరిక ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. ఆ ఉద్యోగం చేస్తూ చదువును వదలకపోవడం మాటలు కాదు. ప్రశ్న తయారుచేసిన వారినీ మెచ్చుకోవాలి. నాలుగు పేర్లూ కమిషన్లకు నాయకత్వం వహించినవారివే. మండల్ వెనుకబడిన తరగతుల గురించి, మిశ్రా మత, భాషా మైనారిటీల గురించి నివేదికలిచ్చారు. సర్కారియా పరిశీలించింది కేంద్ర, రాష్ట్ర సంబంధాలను. ‘రాష్ట్రాలు’ అన్న మాట వినగానే సగం తెలిసినవారి చెయ్యి సర్కారియా వైపు వెళ్తుంది. గాలివాటంగా చెబితే గట్టెక్కే ప్రశ్న కాదిది.

అయితే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదివే ఏ అభ్యర్థిని అడిగినా ఈ జవాబు చటుక్కున చెబుతారు. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ అక్కడి సిలబస్‌లో ప్రత్యేక పేపర్. ఉద్యోగం కోసం చదివితే తేలిక, చదవకపోతే కోటి రూపాయలంత కష్టం. ఈ రెంటికీ మధ్య ఉన్న మామూలు మనిషి గురించే మా ఆవేదన. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ప్రతి ఇంటి చరిత్రా ఆ జవాబులో ఉంది. ఆ పేరు తెలియనివారి కంటే, పేరు తెలిసి కూడా ఆ కమిషన్ మన గురించి ఏం రాసిందో తెలియనివారి సంఖ్యే మమ్మల్ని ఎక్కువగా బాధపెడుతోంది.

మద్రాసు రాష్ట్రం నుంచి విడదీసి ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం ఇవ్వాలని నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దాంతో దేశమంతటా భాషా రాష్ట్రాల డిమాండ్ ఊపందుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్రం ఫజల్ అలీ అధ్యక్షతన, హృదయనాథ్ కుంజ్రూ, కేఎం పణిక్కర్ సభ్యులుగా కమిషన్ వేసింది. లక్షన్నరకు పైగా పత్రాలు వారి ముందుకు వచ్చాయి. దేశమంతా తిరిగి, తొమ్మిది వేల మందికి పైగా ప్రజలతో మాట్లాడి, 1955 సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికలో విశాలాంధ్ర, అంటే ఆంధ్ర, తెలంగాణలను కలిపి ఒకే రాష్ట్రం చేయాలన్న ఆలోచన గురించి రాసిన పేజీలు ఇప్పుడు చదివినా ఆశ్చర్యం వేస్తుంది. ముందుగా కలయిక వల్ల లాభాలు చెప్పారు. కృష్ణా, గోదావరి జలాల వినియోగం ఒకే పాలన కిందికి వస్తుంది, రాజధాని లేక ఇబ్బంది పడుతున్న ఆంధ్రకు హైదరాబాద్ దొరుకుతుంది, బొగ్గు లేని ఆంధ్రకు సింగరేణి ఆసరా అవుతుంది. ఆ వెంటనే తెలంగాణ భయాలనూ అంతే శ్రద్ధగా రాశారు. చదువుల్లో ముందున్న కోస్తా వారి ధాటికి తాము నిలబడలేమని, తమ ప్రాంతపు ఆదాయం, నదీ జలాల్లో తమ వాటా చేజారుతాయని అక్కడివారు దిగులు పడుతున్నారని నమోదు చేశారు. ఏ పక్షాన్నీ చిన్నబుచ్చలేదు.

చివరకు వారు చెప్పింది ఇది: తెలంగాణ ప్రాంతం ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉండాలి. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితే అప్పుడు కలవవచ్చు. కేంద్రం అంతవరకు ఆగలేదు. 1956 ఫిబ్రవరిలో తెలంగాణకు రక్షణలు కల్పిస్తూ రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఆ ఒప్పందం అమలుపై రగిలిన అసంతృప్తి 1969లో ఉద్యమమైంది. 1972లో ఆంధ్ర ప్రాంతంలోనూ వేరు కావాలన్న నినాదం లేచింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. కమిషన్ మాట విని ఉంటే ఏమయ్యేదన్న చర్చకు ఎవరి అభిప్రాయం వారిది. కానీ చర్చించేవారు ముందు ఆ పేజీలు చదవాలి కదా! ఫజల్ అలీ నివేదికను ఏ పక్షం వారు ఆ పక్షానికి పనికొచ్చే ముక్క మేరకే చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇంకో సంగతి చెప్పాలి. బీహార్, పశ్చిమ బెంగాల్ సరిహద్దు తగాదా, బీహార్, ఒరిస్సా తగాదా కమిషన్ ముందుకు వచ్చినప్పుడు ఫజల్ అలీ వాటి పరిశీలనలోగానీ నిర్ణయంలోగానీ పాలుపంచుకోలేదు. బీహార్‌తో తనకు చాలా ఏళ్ల అనుబంధం ఉందన్నది ఆయన చెప్పిన కారణం. ఆ మాట నివేదికలోనే రాసి పెట్టారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి నిష్ఠ అది. అంతర్రాష్ట్ర జల వివాదాలు నలుగుతున్న ఈ రోజుల్లో మన పిల్లలకు ఆయన పేరు కంటే ముందు తెలియాల్సింది ఇదే.

టీవీ క్విజ్‌లను చిన్నచూపు చూసేవారితో మేము ఏకీభవించం. 2000లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’లో తొలి కోటి తెచ్చిన ప్రశ్నకు జవాబు అటార్నీ జనరల్. పార్లమెంటు సభ్యుడు కాకపోయినా సభా కార్యకలాపాల్లో పాల్గొనే హక్కు ఆ పదవికి ఉందని ఆ రాత్రి ఎన్ని లక్షల మందికి తెలిసి ఉంటుందో! 2011లో ఐదు కోట్ల ప్రశ్న నికోబార్ దీవులను బ్రిటిష్‌వారికి అమ్మేసిన డెన్మార్క్ గురించి. రాజ్యాంగాన్నీ చరిత్రనూ రాత్రి భోజనాల వేళ ఇంటిల్లిపాది ముందుకు తెచ్చే శక్తి ఈ షోలకుంది. వచ్చిన చిక్కల్లా ఆఖరి ప్రశ్న తర్వాతే. రంగుకాగితాల వాన, సంగీతం, చెక్కు, ఆలింగనాలు. ఆ సంబరంలో జవాబు గురించి నాలుగు మాటలు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ తీరిక చేసుకోవాలని ఛానళ్లను కోరుతున్నాం. పెద్ద ప్రశ్నల తర్వాత ఒక్క నిమిషం, ఒక మ్యాపు, ఒక పాత ఫొటో చాలు. ప్రేక్షకులు ఛానల్ మార్చేస్తారన్న భయం అక్కర్లేదు. కోటి రూపాయల ఉత్కంఠలో గుక్కతిప్పుకోకుండా కూర్చున్నవారు ఆ కోటి ఎందుకు వచ్చిందో వినడానికీ కూర్చుంటారు.

ప్రభుత్వాలకు మా డిమాండ్ ఇంకాస్త పెద్దది. కమిషన్ నివేదికలో ఆంధ్ర, తెలంగాణలకు సంబంధించిన అధ్యాయాలను తేలిక తెలుగులో చిన్న పుస్తకంగా వేసి, రెండు రాష్ట్రాల్లోని ప్రతి ఉన్నత పాఠశాలకూ పంపాలి. అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క కాకుండా మొత్తం వేయాలి. విజయవాడలో చదివే పిల్లకు తెలంగాణ భయాలు రాసిన పేరాలు, వరంగల్‌లో చదివే పిల్లవాడికి రాజధాని లేక కర్నూలులో సర్దుకున్న ఆంధ్ర రాష్ట్రపు ఇబ్బందులు కూడా అందులో కనిపించాలి. 1953, 1956, 2014 సంవత్సరాల మ్యాపులు పక్కపక్కనే వేయాలి. ఖర్చు పెద్దగా కాదు. రెండు విద్యాశాఖలూ కలిసి కూర్చుంటే వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచేలోగా అయ్యే పనే.