చల్లారిన కాఫీ, కరుణరసం

తిరుపతిలో మా కాలేజీకి (పేరు అడగొద్దు, నాకింకా రెండు నెలల జీతం రావాలి) ఈ మధ్య ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకపై పాఠం విద్యార్థి గుండెను తాకాలట. ఇన్నాళ్లూ మేం మెదడుకు గురిపెట్టి, అదీ తగలక, చాక్‌పీసులు అరగదీస్తున్నాం.

నా వంతుకు థర్మోడైనమిక్స్ రెండో నియమం పడింది. వేడి తనంతట తాను చల్లటి వస్తువు నుంచి వేడి వస్తువులోకి పోదు. ఇందులో కరుణరసం ఎక్కడుందా అని రాత్రంతా వెతికితే తెల్లవారుజామున దొరికింది: చల్లారిన కాఫీ. క్లాసులో లైట్లు ఆర్పించి, వీణ రికార్డు పెట్టించి, స్టీలు గ్లాసు గుండెకు హత్తుకుని, "పోయిన వేడి తిరిగి రాదమ్మా" అన్నాను. సరిగ్గా అప్పుడే తెర నీలంగా మారి 'నో సిగ్నల్' అంది. అటెండరు వచ్చి వైరు కదిపాడు. వీణ ఆగి ఇన్సూరెన్స్ యాడ్ మొదలైంది. చప్పట్లే చప్పట్లు! ఫీడ్‌బ్యాక్‌లో 5కు 5. మర్నాడు, ఆ నియమానికి గుండెకాయలాంటి మాట ఎంట్రోపీ అంటే ఏమిటని అడిగితే ముందు బెంచీ అమ్మాయి ఠక్కున "కాఫీ సార్" అంది.

పాఠాన్ని ప్రదర్శనగా చెప్పడం కొత్తేమీ కాదు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ అనే విజ్ఞాన సంస్థలో 1825లోనే పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. అక్కడ శాస్త్రవేత్త ఫారడే ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఊదేసిన కొవ్వొత్తి పొగకు పైనుంచి మంట చూపిస్తే, నిప్పు ఆ పొగ వెంటే దిగి వత్తిని మళ్లీ అంటించేస్తుంది. కాలేది పొగలోని మైనమే. ఈ గుండె తాకే పాఠాలను ఆమోదించే మా కాలేజీ కమిటీ కొవ్వొత్తికి ఒప్పుకుంది కానీ, పుట్టినరోజు పాట పాడే రకం కొనమంది.

అసలు లండన్ దాకా ఎందుకు? మన చిత్తూరు పల్లెల్లో భారతం పెడితే మామూలుగా 18 రోజులు. పగలు హరిదాసు కథ విప్పి చెప్పాకే రాత్రికి వేషాలు దిగుతాయి. కమిటీకి ఆ రాత్రి భాగం మాత్రమే నచ్చింది. అర్జునుడు తపస్సు మాను (ఎత్తైన స్తంభం) ఎక్కి నిమ్మకాయలు విసిరితే కింద ఆడవాళ్లు కొంగులు పట్టి నిలబడతారు కదా, అలా మా హెచ్‌ఓడీ గారు మాను ఎక్కి ఇంటర్నల్ మార్కులు విసరాలని నేను రాసిచ్చాను. వెంటనే ఆమోదించారు, ఆయన మోకాళ్లు తప్ప.

చివరి రోజు నేల మీద పడుకోబెట్టి, భీముడి చేత కొట్టించే మట్టి దుర్యోధనుడి దగ్గరే పేచీ వచ్చింది. ఆ చోట సిలబస్‌ను పడుకోబెట్టాలని నేను. దాన్ని పూర్తి చెయ్యనివాణ్ణి పడుకోబెట్టాలని ప్రిన్సిపాల్.