ఆ కంటి పరీక్ష టేబుల్ మళ్లీ వెయ్యండి

ఈ ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల హెల్త్ క్యాంపులో షుగర్ చూశారు, బీపీ చూశారు. కంటి వెనకాల వెలుగుని పట్టే పొర, రెటీనా, దాని ఫొటో తీసే టేబుల్ మాత్రం లేదు. పోయినేడు అది ఉన్నచోట ఈసారి నగల స్టాల్ పెట్టారు. అడిగితే, "దానికి ఎవరూ రావట్లేదండీ, ఊరికే స్థలం దండగ" అన్నారు కమిటీవాళ్లు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ట్యాబ్‌లో తెలుగు పేపర్ చదివేవారు. ఒకరోజు చూస్తే, కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుస్తున్నారు, పెట్టుకుంటున్నారు, మళ్లీ తీసి తుడుస్తున్నారు. ఏమైందంటే "ఏం లేదమ్మా, మరక" అన్నారు. మరక అద్దం మీద కాదు, కుడికంట్లో నల్లటి పోగులు తేలుతున్నాయి. పాత జబ్బుకి విజిటర్ ఇన్సూరెన్సు ఇవ్వరు, పిల్లలకి డాలర్లు ఖర్చు, ఊరెళ్లాక చూపించుకోవచ్చులే అనుకున్నారట. కొద్ది రోజులకే ఆ కంటికి ఎర్రటి పొగ కమ్మింది.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నటి రక్తనాళాలు కారతాయి, మూసుకుపోతాయి. రక్తం అందనిచోట కొత్త నాళాలు పుడతాయి. వాటికి బలం ఉండదు, తెగితే కన్నంతా రక్తమే. అంతదాకా నొప్పి ఉండదు, చూపూ బాగానే ఉండొచ్చు. అందుకే "నాకు శుభ్రంగా కనిపిస్తోంది" అన్న మాటని నమ్మడానికి లేదు. ఆయనకి లేజర్ చేశారు, కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు ఆ కంటితో హెడ్డింగులు మాత్రం చదవగలరు.

కొందరికి దెబ్బ నేరుగా కంటి నరానికే తగులుతుంది. షుగర్, బీపీ, గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకి ఆ నరానికి రక్తం సరిగా అందకపోతే, పొద్దున లేచేసరికి ఒక కంట్లో సగం చూపు పోయి ఉండొచ్చు. చూపు హఠాత్తుగా తగ్గితే చుక్కల మందు వేసుకుని పడుకోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

పిల్లల మీద భారం పడకూడదని జబ్బు దాచుకునే మన పెద్దవాళ్లని పిసినారులని నేను అనలేను. అది ప్రేమే. కానీ ఆ ప్రేమకి మామయ్యగారు ఒక కన్ను ఖరీదు కట్టారు.

కమిటీ ఇబ్బంది నాకూ తెలుసు. హాలు అద్దె స్టాళ్ల డబ్బుతోనే గడుస్తుంది. అయినా జనం రావట్లేదని ఆపేసే పని కాదిది. ఇంగ్లండ్‌లో 2003 నుంచి షుగర్ ఉన్నవాళ్లని ప్రభుత్వమే ఉత్తరం రాసి పిలిచి, ఉచితంగా రెటీనా ఫొటోలు తీస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువాళ్ల చూపు పోవడానికి మొదటి కారణంగా ఉన్న ఈ షుగర్ రెటీనా జబ్బు, కనీసం యాభై ఏళ్లలో తొలిసారి ఆ స్థానం నుంచి దిగిందని 2014లో ఒక పరిశోధన తేల్చింది. పిలిచారు కాబట్టే జనం వెళ్లారు.

మనమూ పిలుద్దాం. భోజనం కూపన్ల క్యూ పక్కనే ఆ టేబుల్ వెయ్యండి. ఫొటోలో తేడా కనిపించినవాళ్లని డాక్టరు దగ్గరికి పంపించండి. అమ్మానాన్నలకి టికెట్లు కొనేవాళ్లు, చుక్కలు వేసి చేసే కంటి పరీక్ష ఊళ్లోనే చేయించి, రిపోర్టు తెప్పించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి ఏటా ఆ పరీక్ష కావాలి. ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి చాలా ప్లాన్లలో అది మెడికల్ ఇన్సూరెన్సు కిందే వస్తుంది, ఫోన్ చేసి కనుక్కోండి. దీపావళి కార్యక్రమానికి ఆ టేబుల్ వేస్తే, పేర్లు రాసుకోవడానికి పొద్దుటి నుంచీ నేను కూర్చుంటాను.