బండలాగుడు తెలిసిన జిల్లాకు కారు పందెం కొత్తేం కాదు

అనంతపురం పల్లెల్లో జాతర అంటే బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. ఎద్దుల జతలు ఒకటొకటిగా బరిలోకి దిగుతాయి. అందరికీ ఒకటే టైం. ఆలోపు బండను ఎన్ని అడుగులు లాగితే అంత లెక్క. మైకు పట్టుకున్నాయన మిగిలిన నిమిషాలు అరుస్తుంటే, ఇంకొకాయన టేపుతో బండ వెనకే నడుస్తాడు. ఎద్దుల వయసును పళ్లు చూసి లెక్కేస్తారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు వేరు, సీనియర్లు వేరు. పాలపళ్ల దూడల్ని సీనియర్లతో కలిపి దించితే ఊరు ఊరుకోదు. మొదటి బహుమతి ఇచ్చేది మాజీ సర్పంచి, రెండోది ఎరువుల షాపాయన, మూడోది బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న ఊరి కుర్రాళ్లు.

కారు రేసింగ్‌లో కింది మెట్లలో ఒకటి ఆటోక్రాస్. ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒకసారికి ఒక్క కారే వెళ్తుంది, పోటీ గడియారంతోనే. కోన్ తగిలితే టైంకు సెకన్లు కలుపుతారు. ఎద్దుకు పళ్లు చూసినట్టు కారుకు ఇంజిన్ సైజు, అంటే సీసీలు చూసి విభాగాలు చేస్తారు. దీన్ని నడిపించే తెలివి మన జాతర కమిటీలకు కొత్తగా నేర్పక్కర్లేదు.

మరి అడ్డం ఏమిటి? రేసు అనగానే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ, అంటే కరెంటు కార్ల రేసు. మరుసటి ఏడాది జరగాల్సిన రెండో రేసు రద్దయింది, తర్వాత కేసులు, రాజకీయాలు. పైనుంచి దింపిన రేసు అది. ప్రభుత్వం మారగానే పోయింది. రెండోది, రాత్రిళ్లు 44వ నంబరు హైవే మీద కుర్రాళ్లు తీసే పరుగులు. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వద్దనడంలో తప్పేం లేదు. అయితే, హైవే మీద వద్దన్నవాళ్లు ఎక్కడ చేసుకోవచ్చో కూడా చూపించాలి కదా?

పోయినేడు ఇద్దరు మిత్రులతో కలిసి ఒక కాలేజీకి వెళ్లి, ఆదివారం ఒక పూట గ్రౌండు ఇస్తారా అని అడిగాం. రేసు అన్న మాట వినగానే అక్కడి పెద్దాయన లేచి నిలబడ్డారు. "పిల్లలు చెడిపోతారండీ" అన్నారు. అప్పుడు కోపమొచ్చింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే తప్పు మాదే. చేతులూపుకుంటూ వెళ్లాం. కోన్ల మ్యాపు, అంబులెన్స్, అగ్నిమాపక సిలిండర్లు, ఇన్సూరెన్స్ సంగతి, భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య అనుమతి ఎలా తెచ్చుకుంటామన్నదీ కాగితం మీద పెట్టి ఉంటే, కనీసం కూర్చోబెట్టి మాట్లాడేవారు.

బండలాగుడుతో పోలిక ఒక దగ్గర ఆగిపోతుంది. అక్కడ జనం తాడు మీద పడి మరీ చూస్తారు. ఎద్దు పక్కకు లాగినా తప్పుకునే వ్యవధి ఉంటుంది. అరవై కిలోమీటర్ల వేగంలో జారిన కారు ఆ వ్యవధి ఇవ్వదు. కాబట్టి జనం చాలా దూరంలో, వీలైతే ఎత్తులో ఉండాలి. కారు తిరిగే మలుపు బయటివైపు ఎవరూ నిలబడకూడదు. మన ఊళ్లలో జనాన్ని అంత దూరం నిలబెట్టడం కారు నడపడం కన్నా కష్టం. దుమ్ము ఇంకో తలనొప్పి. గుక్కెడు నీళ్లకు ట్యాంకరు కోసం చూసే జిల్లాలో దుమ్ము అణచడానికి ట్యాంకరు పోస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? మట్టి చేను కన్నా సిమెంటు వేసిన గ్రౌండే మేలు.

కియా ఫ్యాక్టరీ పక్కనే ఉంది కదా, డబ్బు వాళ్లే పెడతారులే అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్న మాట నిజమే. కానీ అంత పెద్ద కంపెనీ పదిహేను కార్ల పోటీ కోసం ఎందుకు వస్తుంది? బహుమతులివ్వడానికి ముందు టైర్ల షాపు, బ్యాటరీల షాపు, స్పేర్ పార్టుల షాపు రావాలి. క్రికెట్‌లో ఇదే జరిగింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానానికి వచ్చాయంటే, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ మైదానాల్లో పల్లె పిల్లలు ఆడబట్టే. నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కు వెళ్లిన మొదటి భారతీయుడు. ఆయనది కోయంబత్తూరు. అక్కడ కారంటే ప్రాణమిచ్చే వర్క్‌షాపులు, రేసు కార్లు తయారుచేసే మనుషులు ముందే ఉన్నారు.

మన దగ్గర మనుషులు లేరా? గుత్తి రోడ్డులో నాకు తెలిసిన ఒక మెకానిక్ షెడ్డులో వెనక సీటు పీకేసిన మారుతి 800 ఒకటుంది. ఖాళీ దొరికినప్పుడల్లా దాని కార్బ్యురేటర్ విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తుంటాడు. "పోటీ ఎక్కడ సార్?" అంటాడు నేను వెళ్లినప్పుడల్లా. బెంగళూరులోనో, కోయంబత్తూరులోనో అంటే నవ్వేస్తాడు. దీన్ని లారీ ఎక్కించి అంత దూరం తీసుకెళ్లే ఖర్చుకు ఇంకో పాత 800 కొనుక్కోవచ్చంటాడు.