నీడలో నగరం ఉందంటున్నారా, అయితే ఒరిజినల్ ఫొటో ఇవ్వండి

చంద్రుడి మీద గోడలు, వీధులు, గదులు ఉన్నాయంటూ ఎర్ర బాణాలు గీసిన ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. చూసి వదిలేయమంటారు చాలామంది. నాకు అలా వదిలేయడం చేతకాదు. ఆ ఫొటోని పదో తరగతి పిల్లాడు నిజమైన ఆసక్తితో చూస్తాడు, చంద్రుడి గురించి ఏదో తెలుసుకున్నాననుకుంటాడు, వాడికి చేతిలో పెట్టింది మాత్రం ఒక పాడైన ఫైల్.

ఆ గదులు ఎలా పుడతాయో చూడండి. జేపెగ్ (మన ఫోన్లలో మామూలుగా ఉండే ఫొటో ఫైల్ రకం) ఫొటోని కుదించేటప్పుడు దాన్ని 8 పిక్సెళ్ల (ఫొటోలోని చిన్న చుక్కల) పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పుండే చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని దేనికది విడిగా లెక్కగట్టి, కంటికి ఆనని సన్న తేడాలను తీసేస్తారు. పక్క గడిలో ఏం జరిగిందో ఈ గడికి తెలియదు కాబట్టి అంచుల దగ్గర చిన్న అతుకు మిగిలిపోతుంది. మామూలుగా అది కనబడదు. కానీ చంద్రుడి మీద గాలి లేదు, బిలం (గుంత) లోపలి నీడ దాదాపు కటిక నలుపు, 0 నుంచి 255 దాకా ఉండే వెలుతురు కొలతలో అక్కడి పిక్సెళ్లు 2, 3, 4 దగ్గరే ఉంటాయి. సరిగ్గా ఆ ముక్కనే కత్తిరించి, పెద్దది చేసి, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ చివరిదాకా పెంచితే ఒక్క అంకె తేడా కాస్తా ముప్పై అంకెల తేడా అవుతుంది. అతుకులు గోడలవుతాయి. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫార్వర్డ్ చేస్తే వాట్సాప్ ఇంకోసారి కుదిస్తుంది, ఇంకాస్త చెడుతుంది.

అలాంటి ఫొటో వస్తే ఫోన్‌లోనే జూమ్ చేసి చూడండి. గోడలన్నీ ఫొటో అంచులకి సమాంతరంగా, నిలువుగానో అడ్డంగానో ఉంటాయి. పక్కనున్న బిలాల నీడలన్నీ ఏటవాలుగా ఒకే దిక్కుకి పడుతుంటే ఈ భవనాలకి మాత్రం నీడ ఉండదు. ఫొటోలో పైన ఖాళీ ఆకాశం ఉంటే దాన్నీ అంతే వెలుతురు పెంచి చూడండి, చాలాసార్లు అక్కడా అవే గళ్లు వస్తాయి. నేలే లేని చోట కూడా ఆ గీతలు వస్తున్నాయంటే అవి చంద్రుడివి కావు.

పాత ఫొటోలది వేరే కథ. 1966, 67లో చంద్రుడి దగ్గరికి వెళ్లిన ఐదు నాసా వ్యోమనౌకలు, లూనార్ ఆర్బిటర్లు, ఫిల్మ్ మీద ఫొటో తీసి, అక్కడే కడిగి, సన్నని పట్టీలుగా స్కాన్ చేసి భూమికి పంపాయి. ఇక్కడ ఆ పట్టీలను పక్కపక్కన పేర్చి అతికించారు. ఆ అతుకుల గీతలు, ఫిల్మ్ కడిగేటప్పుడు పడ్డ మరకలు ఇప్పటికీ కొందరికి గోపురాల్లా, గాజు మేడల్లా కనబడుతున్నాయి. 1976లో నాసా వైకింగ్ వ్యోమనౌక తీసిన అంగారకుడి "ముఖం"లోనూ ఇదే సంగతి. అక్కడున్నది మామూలు గుట్ట, ముక్కు రంధ్రంలా కనిపించిన నల్లచుక్క సిగ్నల్‌లో డేటా రాక మిగిలిన ఖాళీ.

ఇప్పుడు దీనికి తోడు ఏఐతో ఫొటో క్లియర్ చేసే యాప్‌లు వచ్చాయి. నాకు అన్నిటికన్నా టెన్షన్ వీటితోనే. ఫొటోలో లేని వివరాన్ని అవి ఊహించి గీస్తాయి, చూసేవాళ్లు దాన్ని కెమెరా తీసిందే అనుకుంటారు.

"నాసా దాచేసింది, ఇస్రో దాచేసింది" అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా వ్యోమనౌక ఎల్‌ఆర్‌వో కెమెరాలో ఒక పిక్సెల్ అంటే నేల మీద సుమారు అర మీటరు. నాలుగు మీటర్ల వెడల్పున్న అపోలో ల్యాండర్ కింది భాగం, దాని నీడ, వ్యోమగాములు నడిచిన దారులు కూడా దాని ఫొటోల్లో కనిపిస్తాయి. చంద్రయాన్-2 కెమెరా అంతకన్నా సన్నగా, పావు మీటరు దాకా చూడగలదు. ఎల్‌ఆర్‌వో ఫొటోలు ఎవరైనా దించుకోవచ్చు, చంద్రయాన్ డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉంది.

అలా దించుకుని చూసినవాడే చెన్నై ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్. 2019 సెప్టెంబర్ 7న చంద్రుడి మీద దిగబోతున్న చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాయి, ఆ నెలాఖరులో నాసా ఆ ప్రాంతం ఫొటో బయటపెట్టింది. అతనికి అందులో దొరికింది ఒకే ఒక్క మెరుస్తున్న పిక్సెల్. ఒక్క పిక్సెల్! కానీ అతను దాన్ని సాగదీయలేదు, రంగులు పెంచలేదు. విక్రమ్ పడకముందు తీసిన పాత ఫొటోలు పక్కన పెట్టుకుని, ఇది అప్పుడు లేదు, ఇప్పుడుంది అని తేల్చుకుని నాసాకి రాశాడు. వాళ్లూ ఆ మాట అలాగే నమ్మేయలేదు. అక్టోబర్‌లో, నవంబర్‌లో మళ్లీ తీసిన ఫొటోలు చూసి, డిసెంబర్ 2న అతని పేరు చెప్పి మరీ అది విక్రమ్ శకలమేనని ప్రకటించారు. విక్రమ్ గుద్దుకున్న చోటికి దాదాపు 750 మీటర్ల దూరంలో ఉందది.

కాబట్టి మా గ్రూపులో ఇకమీదట ఎవరు చంద్రుడి నగరం పంపినా నేను రెండే అడుగుతాను. నాసా అయినా ఇస్రో అయినా ఆ ఒరిజినల్ ఫొటోకి ఇచ్చిన నంబరు చెప్పండి, అదే చోటుని వేరే రోజు, ఎండ వేరే వైపు నుంచి పడుతున్నప్పుడు తీసిన ఇంకో ఫొటో పక్కన పెట్టండి. రెంటిలోనూ అదే గోడ, అదే చోట, ఎండకి తగ్గ నీడతో కనిపిస్తే నేనే కూర్చుని అందరికీ పంపుతాను.