కోచ్‌కు గడువెంత?

దిష్టిబొమ్మలు మనకు కొత్త కాదు. నాయకుడి నోరు జారితే చాలు, సాయంత్రానికి ఏదో ఒక కూడలిలో గడ్డి, పాత చొక్కా, అగ్గిపెట్టె సిద్ధమైపోతాయి. 1965 జనవరి 6 రాత్రి అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థులూ అలాంటి బొమ్మనే కట్టారు. వేక్ ఫారెస్ట్ జట్టు చేతిలో 107-85తో చిత్తయిన బాస్కెట్‌బాల్ జట్టు బస్సులో వర్సిటీ ఉన్న ఊరు చాపెల్ హిల్‌కు తిరిగొచ్చేసరికి వ్యాయామశాల ముందు అది వేలాడుతోంది. బిల్లీ కనింగ్‌హమ్ అనే ఆటగాడు బస్సు దిగి ఒక్క ఊపున వెళ్లి దాన్ని పీకి పారేశాడు. పొడుగు ముక్కు చూసి అది తన బొమ్మేనని గుర్తుపట్టానని కోచ్ డీన్ స్మిత్ తర్వాతి కాలంలో చెప్పుకుని నవ్వుకున్నారు. అప్పటికి ఆయన వయసు 33. కోచ్‌గా అది నాలుగో సీజన్.

ఆయన్ను ఎవరూ తీసేయలేదు. స్మిత్ కథలో మాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. ఆ రాత్రి తర్వాత ఆయన అదే కుర్చీలో మరో 32 ఏళ్లు కూర్చున్నారు. మొత్తం 36 సీజన్లు, 879 గెలుపులు, 254 ఓటములు, 11 సార్లు జాతీయ టోర్నీ ఫైనల్ ఫోర్ (ఆఖరి నాలుగు జట్లలో చోటు), 2 టైటిళ్లు. ఈ అంకెలు అందరూ అప్పజెబుతారు. వీటికి ముందు ఒక విద్యాసంస్థ పట్టిన ఓపికను తలుచుకునేవాళ్లు తక్కువ.

కాలేజీ కోచ్ అనగానే మన పాఠకులకు మెడలో విజిల్ వేసుకున్న డ్రిల్లు మాస్టారు గుర్తొస్తారేమో. అక్కడి లెక్క వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగులందరిలోకీ పెద్ద జీతం గవర్నర్‌ది కాదు, వర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో. జీతం పెరిగినకొద్దీ గడువు తరిగింది. ఏటా మార్చిలో జాతీయ టోర్నీ మొదలయ్యేలోపే తొలగింపుల వార్తలు వరుస కడతాయి. ఒప్పందాన్ని మధ్యలో తెంచినందుకు లక్షల డాలర్లు చేతిలో పెట్టి మరీ పంపిస్తారు. చాపెల్ హిల్ దగ్గర్లోని కేరీ, మారిస్‌విల్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ గోల మనకంటే బాగా తెలుసు. ఇంట్లో ఒకరు చాపెల్ హిల్ లేత నీలం, ఇంకొకరు పక్కనే ఉన్న డ్యూక్ వర్సిటీ ముదురు నీలం తొడుక్కున్నారంటే మ్యాచ్ ఉన్న రాత్రి అన్నాల దగ్గర మాటలుండవు.

స్మిత్‌కు 1961లో ఉద్యోగం ఇచ్చినవాళ్లు పూలబాట వేసి ఇవ్వలేదు. ఆయనకు ముందున్న ఫ్రాంక్ మెక్‌గైర్ హయాంలో నిబంధనలు మీరినందుకు కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వేటు పడింది. బెట్టింగ్ రాయుళ్ల మాట విని స్కోరు తగ్గించి ఆడే కుంభకోణం ఆ ప్రాంతపు కాలేజీలను కుదిపేసింది. వర్సిటీ పెద్దలు మ్యాచ్‌ల సంఖ్యకు కోత పెట్టారు. దూరప్రాంతాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకోవడానికీ కళ్లెం వేశారు. ఈ స్థితిలో ఛాన్సలర్ విలియం ఎకాక్ 30 ఏళ్ల సహాయ కోచ్‌ను పిలిచి పగ్గాలు అప్పగించారు. గెలుపు సంగతి తర్వాత, ముందు ఇల్లు శుభ్రం చెయ్యమన్నది అందులోని షరతు. మొదటి ఏడాది 8 గెలుపులు, 9 ఓటములు. ఇవాళైతే ఆ ఒక్క ఏడాదికే సామాజిక మాధ్యమాల్లో కర్మకాండ పూర్తయ్యేది.

బొమ్మ వేలాడిన మూడో రోజున ఆయన జట్టు డ్యూక్‌ను దాని సొంత మైదానంలోనే ఓడించింది. 1967, 1968, 1969లలో వరుసగా మూడుసార్లు ఫైనల్ ఫోర్ చేరింది. టైటిల్ మాత్రం ఊరిస్తూనే ఉంది. అందుకు 1982 దాకా, అంటే 21వ సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది.

స్మిత్ కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలో పుట్టారు. తండ్రి ఆల్‌ఫ్రెడ్ హైస్కూలు కోచ్. 1934లో పాల్ టెర్రీ అనే నల్లజాతి కుర్రాడిని జట్టులోకి తీసుకుని రాష్ట్ర విజేతగా నిలిపారాయన. రాష్ట్ర టోర్నీలో మాత్రం ఆ కుర్రాడిని ఆడనివ్వలేదు. స్మిత్ కాన్సాస్ వర్సిటీలో గణితం చదివారు. అక్కడి కోచ్ ఫాగ్ అలెన్ దగ్గర ఆడి 1952లో టైటిల్ గెలిచిన జట్టులో ఒకడయ్యారు. ఆ అలెన్‌కు ఆట నేర్పింది, 1891లో ఈ ఆటనే కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్. మన సంగీత విద్వాంసులు గురుపరంపర చెప్పుకున్నట్టు చెప్పుకోదగిన వరుస ఇది.

గణితం వృథా పోలేదు. ఎన్ని పాయింట్లు వచ్చాయని అందరూ లెక్కపెట్టే రోజుల్లో, బంతి చేతికి వచ్చిన ఒక్కో సారికి ఎన్ని పాయింట్లు రాబట్టామని ఆయన లెక్క కట్టారు. ఇప్పుడు ప్రతి జట్టుకూ ఆ లెక్కే పంచాంగం. సాధన ప్రణాళిక నిమిషాల వారీగా రాసి ఉండేది. అయితే ఆయన పెట్టిన రెండు చిన్న అలవాట్లలో మాకు ఆ మనిషి ఎక్కువగా కనిపిస్తారు. బాస్కెట్ వేసినవాడు వెనక్కి పరుగెడుతూ, తనకు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి. ‘నీవల్లే’ అని అందరికీ తెలియాలి. రెండోది పిడికిలి. అలసిపోయిన ఆటగాడు పిడికిలి ఎత్తితే కోచ్ అతణ్ని బెంచీ మీదికి పిలుస్తారు. ఓపిక వచ్చాక మళ్లీ లోపలికి వెళ్లేది ఎప్పుడో అతనే చెబుతాడు. అలసట దాచుకుని మైదానంలో ఈడ్చుకు తిరిగితేనే నేరం. కుర్రాళ్లను నమ్మడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ మాకు తట్టలేదు.

ఇదే నమ్మకం మైదానం బయటా కనిపిస్తుంది. చాపెల్ హిల్‌లో నల్లజాతివారికి వడ్డించని హోటల్ ఒకటి ఉండేది. సహాయ కోచ్‌గా ఉన్న రోజుల్లోనే స్మిత్ తన పాస్టర్ రాబర్ట్ సేమూర్‌తోనూ ఒక నల్లజాతి వేదాంత విద్యార్థితోనూ కలిసి అందులోకి వెళ్లి కూర్చున్నారు. వాళ్లు వడ్డించక తప్పలేదు. ఏళ్ల తర్వాత ఒక విలేకరి పాస్టర్ ద్వారా ఈ సంగతి విని అడిగితే స్మిత్ నొచ్చుకున్నారు. సరైన పని చేసినందుకు గర్వపడటమేమిటి, చేసి ఊరుకోవాలి గానీ అన్నది ఆయన ధోరణి. నార్త్ కరోలినా వర్సిటీలో స్కాలర్‌షిప్ అందుకున్న మొదటి నల్లజాతి క్రీడాకారుడు చార్లీ స్కాట్‌ను తెచ్చిందీ ఆయనే. ఒక బయటి మ్యాచ్‌లో ప్రేక్షకుడొకడు స్కాట్‌ను జాతి పేరుతో దూషిస్తే, ఎన్నడూ నోరు జారని కోచ్ వాడి మీదికి దూకబోయారనీ, సహాయకులు పట్టుకుని ఆపాల్సి వచ్చిందనీ స్కాట్ స్వయంగా చెప్పారు.

1982 మార్చి 29న న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్‌లో జార్జ్‌టౌన్‌తో ఫైనల్. ఇరవై సెకన్లు కూడా లేవు. మైకేల్ జోర్డాన్ అనే తొలి ఏడాది కుర్రాడు వేసిన షాట్‌తో 63-62 ఆధిక్యం వచ్చింది. జార్జ్‌టౌన్ ఆటగాడు ఫ్రెడ్ బ్రౌన్ కంగారులో బంతిని తనవాడనుకుని ప్రత్యర్థి జేమ్స్ వర్తీ చేతిలో పెట్టాడు. అంతటితో సరి. ఓడిన కోచ్ జాన్ థాంప్సన్ ఆ కుర్రాణ్ని తిట్టలేదు, గట్టిగా కౌగిలించుకున్నారు. ఈ థాంప్సన్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్మిత్ పక్కన సహాయకుడిగా కూర్చుని స్వర్ణం తెచ్చిన స్నేహితుడే. గెలిచిన స్మిత్ మాటా అలాగే ఉంది: రెండున్నర గంటల కిందట ఎంత మంచి కోచ్‌నో ఇప్పుడూ అంతే. దీన్ని వినయం అనుకోవడం తేలిక. గణితం చదివినవాడి మాటగా వింటే మాత్రం ఇది ఉత్త లెక్క.

ఇంతమాత్రాన ఆయనకు గుడి కట్టనక్కర్లేదు. ఆధిక్యం రాగానే నాలుగు మూలలకూ ఆటగాళ్లను పంపి, బంతిని తిప్పుతూ కాలం గడిపించే ఆయన ఎత్తుగడ చూసేవాళ్లకు నరకం. 1979లో డ్యూక్‌తో ఆడిన ఒక మ్యాచ్‌లో సగం ఆట ముగిసేసరికి స్కోరు 7-0. ఆ సున్నా ఆయన జట్టుదే! 1985-86 నుంచి కాలేజీ ఆటలో 45 సెకన్ల షాట్ క్లాక్, అంటే ఆలోపు షాట్ వేసి తీరాలన్న గడువు, రావడానికి ఇలాంటి సాగదీతలే కారణం. ఇంతకంటే బరువైన సంగతి మరొకటుంది. హాజరు లేకుండా, బోధన లేకుండా మార్కులు వేసిన కాగితపు తరగతుల్లో 1993 నుంచి 2011 దాకా 3,100 మందికి పైగా చేరారనీ, ఆ చేరికల్లో దాదాపు సగం క్రీడాకారులవేననీ 2014లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. అందులో తొలి నాలుగేళ్లు స్మిత్ పదవిలో ఉన్న కాలమే. ఆయన ఆటగాళ్లలో నూటికి 96 మంది పట్టాలు పుచ్చుకున్నారని అభిమానులు చెప్పే ప్రతిసారీ ఈ నివేదికనూ పక్కన పెట్టుకుని చదవాలి.

ఇక ఇప్పటి సంగతి. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి వర్సిటీలే నేరుగా ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు పంచవచ్చు. ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారడానికీ అడ్డు లేదు. ఆట పాడైపోయిందని పాత కోచ్‌లు వాపోతున్నారు. మేము ఆ గొంతు కలపం. పిల్లల చెమటతో స్టేడియాలు నిండుతుంటే వాళ్లకు పైసా ఇవ్వకపోవడమే ఇన్నాళ్లూ జరిగిన అన్యాయం. స్మిత్ కూడా డబ్బుకు అడ్డు నిలిచిన మనిషి కాదు. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏలో పెద్ద మొత్తం ఖాయమని తెలిస్తే తానే పంపేవారు. 1984లో జోర్డాన్ మూడో ఏడాదికే వెళ్లిపోవడానికి ప్రోత్సహించింది ఆయనే. జట్టు బలహీనపడుతుందని తెలిసే చేశారు. జోర్డాన్ వేసవి సెలవుల్లో తిరిగొచ్చి పట్టా పూర్తి చేశాడు.

మా ఫిర్యాదు ఆటగాళ్ల మీద కాదు, కోచ్‌కు మూడేళ్లు కూడా ఆగలేని యాజమాన్యాల మీద. చాపెల్ హిల్‌కు పది మైళ్ల దూరంలోని డ్యూక్‌నే చూడండి. 1980లో వచ్చిన మైక్ షిషెవ్‌స్కీ మూడో ఏడాది 11 గెలిచి 17 ఓడారు. దాతలు తలకాయ తెమ్మన్నారు. క్రీడా విభాగం అధిపతి టామ్ బటర్స్ 1984 జనవరిలో పిలిచి ఒప్పందాన్ని పొడిగించారు. తర్వాత వచ్చినవి 5 టైటిళ్లు. 2022లో విరమించేనాటికి కెరీర్ గెలుపులు 1,202. స్మిత్ రికార్డును దాటినవారిలో ఆయనా ఒకరు. ఈ ఇద్దరినీ ఇవాళ్టి తూకంలో వేస్తే ఇద్దరూ నాలుగో ఏడాదికి ఇంటి దగ్గరుండేవారు.

స్మిత్ 1997 అక్టోబరులో, సాధన మొదలవడానికి కొద్ది రోజుల ముందు తప్పుకున్నారు. మూడు దశాబ్దాలు పక్కన నిలిచిన బిల్ గత్‌రిడ్జ్‌కే పదవి దక్కాలని ఆ ముహూర్తం చూసుకున్నారని అందరూ అనుకున్నారు. 2024 అక్టోబరులో వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ కూడా సీజన్ గడప మీద నుంచే వెనుదిరిగారు. 2019లో టైటిల్ గెలిచిన ఈ 55 ఏళ్ల మనిషి చెప్పిన కారణం, ఈ కొత్త వాతావరణానికి తాను తగినవాణ్ని కానని. ఒకరు వారసుణ్ని చూసుకుని దిగారు, మరొకరు ఇక ఇమడలేక దిగారు.

మతిమరుపు వ్యాధితో చివరి ఏళ్లు గడిపిన స్మిత్ 2015 ఫిబ్రవరి 7న కన్నుమూశారు. కొన్ని వారాలకు ఆయన పాత ఆటగాళ్లు సుమారు 180 మందికి పోస్టులో ఒక్కో కవరు వచ్చింది. లోపల 200 డాలర్ల చెక్కు. కోచ్ తరఫున బయట ఒక మంచి భోజనం చెయ్యమని వీలునామాలో రాసి వెళ్లారట. అందరికీ అదే మొత్తం. జోర్డాన్‌కూ అంతే, బెంచీ చివర కూర్చున్నవాడికీ అంతే.