దురద తగ్గినంత మాత్రాన తామర పోదు

ఎండలు ముదిరాయంటే అనంతపురం, కడప, కర్నూలులో ఏ మందుల షాపు దగ్గర నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది: "అన్నా, తామరకు ఏదన్నా ట్యూబ్ ఇయ్యి." తామర అంటే ఫంగస్ వల్ల చర్మానికి వచ్చే జబ్బు. గజ్జల్లో దురద గురించి డాక్టరుకు చెప్పుకోవడానికి సిగ్గు. షాపాయన చీటీ అడగడు. ఆయన ఇచ్చే ట్యూబులో చాలాసార్లు ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గాఢమైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్ కూడా కలిసి ఉంటాయి.

అసలు నష్టం ఆ స్టెరాయిడ్‌తోనే. రెండు రోజుల్లో దురద, ఎర్రదనం అణిగిపోతాయి, మందు బాగా పనిచేసిందనిపిస్తుంది. కానీ ఫంగస్‌తో పోరాడే చర్మం శక్తిని కూడా అది అణిచేస్తుంది. పూయడం ఆపగానే తామర ఇంకా వెడల్పుగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలల తరబడి వాడితే తొడల లోపల చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు. 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కింద చేర్చి, చీటీ లేనిదే అమ్మకూడదంది. ఆ నిబంధన మన బజార్లలో ఎంతమాత్రం అమలవుతోందో అందరికీ తెలుసు.

అలాగని షాపులను తిడితే సరిపోదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే మనిషి చర్మం డాక్టరు కోసం జిల్లా కేంద్రానికి పోవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. పోయినా చేతికి వచ్చే మందు ఎంత? లెక్క చూడండి. వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మచ్చకు ఒక పూతకు అర గ్రాము కావాలి. రెండు గజ్జలు, నడుము కలిపి నాలుగు అరచేతులంత అయితే రోజుకు రెండు పూతలకు 2 గ్రాములు. చేతికిచ్చిన ఒక్క 15 గ్రాముల ట్యూబ్ వారానికే అయిపోతుంది. క్లోట్రిమజోల్ అనే ఫంగస్ పూత నాలుగు వారాల దాకా వేయాలి, అదీ మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర. మూడు వారాల మందు ఎక్కడ?

మధ్యలో ఆపిన ప్రతిసారీ మిగిలిన ఫంగస్ ఇంట్లో తువ్వాలు, లుంగీ, పరుపు మీదుగా మిగతా వాళ్లకు అంటుకుంటుంది. దేశమంతా ఇప్పుడు ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే రకం ఫంగస్ పాకుతోంది, దానిమీద చాలాసార్లు టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు సరిగా పనిచేయడం లేదు. అప్పుడు ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు క్యాప్సూల్ రాస్తారు. దాన్ని అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పొద్దున్నే గ్యాస్ బిళ్ల మింగే అలవాటుంటే కడుపులో ఆమ్లం తగ్గి ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. ఇది చీటీ రాసేవాళ్లు నోరు తెరిచి చెప్పి తీరాలి.

ఆడవాళ్ల విషయం మరీ మరుగున పడుతోంది. యోనిలో ఈస్ట్ (ఇదీ ఒక ఫంగసే) ఇన్ఫెక్షన్‌కు చాలామందికి 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ ఒక్క బిళ్ల చాలు. గర్భిణులకు మాత్రం అది కాకుండా వారం పాటు లోపల పెట్టే క్లోట్రిమజోల్ ఇస్తారు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు తిరగబెడుతుంటే షుగర్ పరీక్ష చేయించాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫంగస్ పూత ఒక్క ట్యూబ్ మాత్రమే చేతిలో పెట్టి పంపడం ఆపాలి. స్టెరాయిడ్ కలవని పూత, కోర్సు పూర్తయ్యేంత, ఇంట్లో దురద ఉన్న ప్రతి ఒక్కరికీ, ఒకేసారి ఇవ్వాలి.