తేనె తెలుస్తోందా?

అమెరికాలో తెలుగువాళ్లు భోజనానికి పిలిస్తే ఇదివరకు రెండు గండాలు గట్టెక్కితే సరిపోయేది. కొత్త ఇల్లంతా తిప్పి బాత్‌రూముల్లో కుళాయిలు కూడా చూపించడం ఒకటి, వాళ్లబ్బాయి పియానో రెండోది. ఇప్పుడు మూడోది వచ్చిపడింది. విస్తళ్లు వేసేలోపు మగవాళ్లందరినీ గ్యారేజీలోకి తోలుతున్నారు. అక్కడ ఇంటాయన స్వహస్తాలతో కాచిన తేనె బీరు ఉంటుంది.

మా డాలస్ ఇంటాయన సంగతే చెప్తాను. కారు బయట ఎండలో మాడుతుంటుంది. అది ఉండాల్సిన చోట తెల్లటి ప్లాస్టిక్ బకెట్ కొలువై ఉంటుంది. ఐదు గ్యాలన్లది, అంటే సుమారు 19 లీటర్లు. మూత మీద చిన్న గొట్టం, అందులో కాసిన్ని నీళ్లు. లోపల పులియబెట్టే ఈస్టు చక్కెర తిని వదిలే గాలి ఆ నీళ్లలోంచి బుడుంగుమని బయటికొస్తుంది. "ఇదిగో, ఇప్పుడొస్తుంది చూడండి" అంటాడు. పదిమంది పెద్దమనుషులు, వాళ్లలో ఇద్దరు గుండె డాక్టర్లు, బకెట్ వంక చూస్తూ నిలబడతారు. రాదు. "ఇందాకటిదాకా బాగానే వచ్చిందండీ" అని నొచ్చుకుంటాడు. మళ్లీ చూస్తాం. బుడుంగ్. "ఆ!" అంటారందరూ.

సత్యనారాయణ వ్రతంలో కథ కథకీ కొబ్బరికాయ కొట్టినట్టు, బుడుంగు బుడుంగుకీ ఒక అధ్యాయం నడుస్తుంది. నీళ్ల అధ్యాయం, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) అధ్యాయం, హాప్స్ (చేదు కోసం వేసే పూలు) అధ్యాయం. శుభ్రత అధ్యాయంలో మా బావగారు పొరపాటున గరిటె ముట్టుకున్నారు. మడి మైలపడింది! గరిటెను మళ్లీ క్రిములు చంపే మందునీళ్లలో ముంచారు, బావగారిని గోడవారకి పంపారు. "పెళ్లయిన దగ్గర్నుంచి సింకులో ఒక్క గిన్నె తోమిన పాపాన పోలేదు, ఆ బకెట్‌ని మాత్రం మూడుసార్లు కడుగుతాడు" అని వంటింట్లోంచి వదినగారి గొంతు వినిపించింది. ఇంటాయన వినిపించుకోలేదు. వ్రతంలో ఉన్నాడు కదా.

చివరికి ప్రసాదం. ముందు కాచిన వాయిలోంచి ఒక సీసా తీసి, దగ్గుమందు పోసినంత మనిషికింత పోసి, కళ్లల్లోకి చూస్తూ అడుగుతాడు: "తేనె తెలుస్తోందా?"

ఈ ప్రశ్న గురించే నా బాధంతా.

తెలియదు. తెలిసే అవకాశమే లేదు. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలు, 17-18 శాతం నీళ్లు. ఆ చక్కెరల్లో ఎక్కువభాగం గ్లూకోజు, ఫ్రక్టోజు. ఈస్టుకి అంతకంటే సులువైన తిండి లేదు. మాల్టులో అయితే కొన్ని చక్కెరలు దానికి అరగవు, అవి మిగిలి బీరుకి కాస్త తీపీ చిక్కదనమూ ఇస్తాయి. తేనెను మాత్రం దాదాపు చుక్క మిగల్చకుండా నాకేస్తుంది. అంటే తేనె వేసిన బీరు తియ్యగా కాదు, ఇంకా పలచగా, తీపి తగ్గి వస్తుంది. పోనీ వాసనైనా మిగులుతుందా అంటే, వేడికి అది ముందే ఎగిరిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు పొయ్యి ఆర్పేశాకో, పులియడం మొదలయ్యాకో తేనె కలుపుతారు. మావాడు హాప్స్‌తో పాటు గంటసేపు కుతకుతా ఉడికించాడు. ఆ తేనెను ఎవరైనా ఆస్వాదించారంటే ఆ రోజు పెరట్లో గడ్డి కోస్తున్న పక్కింటాయనే.

అయినా అందరూ "తెలుస్తోంది, తెలుస్తోంది" అంటారు. "చివర్లో తెలుస్తోందండీ" అని ఒకరు. "గొంతు దిగాక పైకొస్తోంది" అని ఇంకొకరు. గుండె డాక్టరుగారైతే వాసనకే పట్టేశానన్నారు. నిజంగా తేనె రుచి కావాలనుకునే బ్రూయర్లు ఏం చేస్తారో తెలుసా? కెనడాలో తయారయ్యే హనీ మాల్టు అనే బార్లీ వేస్తారు. అందులో తేనె బొట్టు కూడా ఉండదు. తేనె వేస్తే తేనె తెలియదు, తేనె తెలిసేదాంట్లో తేనె లేదు. ఇంత వేదాంతం ఒక గ్యారేజీలో ఇమడదని నా మనవి.

ఇలాంటివి చెప్పబోతే ఆయన దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. ఒబామా. వైట్‌హౌస్ తోటలో తేనెపట్టు పెట్టి, ఆ తేనెతో బీరు కాయించి, 2012 సెప్టెంబర్‌లో ఎలా కాయాలో ప్రజలకి విడుదల చేశారు. ఐదు గ్యాలన్లకి ఒక పౌండు తేనె. ఆ కాగితం లామినేట్ అయి గ్యారేజీ గోడకి వేలాడుతోంది. ప్రెసిడెంటు ఇంట్లో నిలబెట్టి "తేనె తెలుస్తోందా" అంటే తెలియట్లేదని అనేవాడెవడు?

రెండో అస్త్రం ఒకప్పటి ప్రెసిడెంటు జిమ్మీ కార్టర్. 1978లో ఆయన సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల బీరు పన్ను కట్టకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. 757 లీటర్లు! చట్టం దాన్ని హద్దుగా పెట్టింది. మావాడు టార్గెట్‌గా తీసుకున్నాడు.

ఆ తొందరలోనే ఒక వాయికి ఈస్టు తిండి పూర్తికాకముందే సీసాల్లో పోసి మూతలు బిగించాడు. లోపల గాలి నిండి అర్ధరాత్రి వరసగా నాలుగు పేలాయి. టెక్సస్ కాబట్టి వీధిలో ఎవరూ కంగారుపడలేదు.

ఇవన్నీ భరించవచ్చు. మొన్నటి అధ్యాయం వేరు. నేచురల్, క్రాఫ్ట్ అంటూ మొదలుపెట్టి, బెల్జియంలో గాల్లో ఉండే ఈస్టుతో తనంతట తానే పులిసే బీరుందని, దాన్ని లాంబిక్ అంటారని ఫోన్లో ఫొటోలు చూపించాడు. ఉంది, కాదనను. ఆ వెంటనే, పోయిన సంక్రాంతికి నల్గొండ దగ్గర వాళ్లూరికి వెళ్లిన ముచ్చట చెప్పాడు. తాటివనంలో గౌడన్న లొట్టి దింపి "సారూ, తాజా కల్లు, జెర తాగి చూడు" అన్నాడట. ఈయన ముక్కు మూసుకుని "హైజీన్ ఏదన్నా? ఈగలు చూడు" అని వీడియో తీశాడట. గ్యారేజీ అంతా నవ్వింది.

నీ లాంబిక్‌కీ ఆ లొట్టికీ తేడా ఏమిటయ్యా? అందులో ఎవడైనా ప్యాకెట్ చింపి ఈస్టు పోశాడా? గాల్లోదే, లొట్టిలోదే, పొద్దున దింపితే సాయంత్రానికి దానంతటదే పులుస్తుంది. బెల్జియంలో అయితే కళ, మీ ఊళ్లో అయితే ఈగలా? కల్లులో డైజిపామ్ అనే మత్తుమందు కలుపుతున్న సంగతి నాకూ తెలుసు. ఆ కల్తీ జరిగేది కల్లు కాంపౌండ్లలో, చెట్టు కింద కాదు. ఆ మనిషి మోకు ముస్తాదు వేసుకుని రోజూ చెట్లెక్కుతాడు. జారితే ప్రాణం పోతుంది, లేదంటే నడుం విరిగి మంచాన పడతాడు. అలా ఎన్ని ఇళ్లు కూలాక, 2024లో గౌడన్నల దేవుడు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది తెలంగాణ ప్రభుత్వం! అతనికి లైసెన్సు కావాలి, సొసైటీ కావాలి, ఎక్సైజువాళ్ల దయ కావాలి. నీకు గుమ్మంలో పడేసిన పార్సెల్ చాలు. నీ బకెట్ పొంగితే గ్యారేజీ తుడుచుకుంటావు. వాడిచ్చిన కల్లు తాగకపోతే మానెయ్, ముక్కు మూసుకుని వీడియో తీయడమెందుకు? సిగ్గుండాలి.

అక్కడ ఇంత గట్టిగా అన్లేదు. "తెలుస్తోందా" అని గ్లాసు అందించబోతే వద్దన్నాను, అంతే.

నిన్న వాట్సాప్‌లో కొత్త ప్రకటన వచ్చింది. మాల్టు మానేసి తేనె, నీళ్లు, ఈస్టుతో మీడ్ అనే తేనె మద్యం మొదలుపెట్టాడట. బాగా కుదరడానికి ఏడాది పట్టొచ్చట, ఓపెనింగ్‌కి అందరూ ఫ్యామిలీలతో రావాలట. గ్రూపులో అప్పుడే ఒకరు అయ్యప్ప మాల వేస్తున్నామన్నారు. బావగారికి మోకాలి ఆపరేషనట. గుండె డాక్టర్లిద్దరికీ ఆ రోజు డ్యూటీ పడింది. ఇంకా తేదీ పెట్టలేదు కదండీ అని ఎవరో అడిగితే, "ఏ తేదీ అయినా డ్యూటీయే" అన్నారు.